చష్మాతోనే

కదలొద్దన్నారు కాబట్టి కదలకుండా కూర్చున్నాను, మెడ వెనక చెమట జారుతున్నా తుడుచుకోకుండా, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, అచ్చం పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు, కాదు, అప్పుడు ఎదురుగా ఎవరున్నారో కూడా నాకు తెలియలేదు, ఇప్పుడు గోడ మీది మేకు దాకా అన్నీ కనపడుతున్నాయి. బీదర్ పక్కన చిద్రిలో మా ఇంటి ముందుగది ఇది, పొద్దున్నే టీవీని లోపలికి మోసి, దివాన్‌ను గోడకు నెట్టి, నట్టనడుమ ఒక కుర్చీ వేశారు. కుర్చీలో నేను, ఎదురుగా మూడు కాళ్ల మీద కెమెరా, కెమెరా వెనక షెకినా. బీదర్ పిల్లే, చర్చి కాంపౌండులో పుట్టి పెరిగిన తెలుగు అమ్మాయి, పెళ్లిళ్ల వీడియోలతో మొదలుపెట్టి ఇప్పుడు సినిమాలకు కెమెరా పడుతోంది. ఆమె పక్కన బసవరాజ్ సార్, కలబురగి నుంచి వచ్చాడు, పాతకాలం నీటిదారుల మీద సినిమా తీస్తున్నాడు. జనవాడ అవతల మా ఊళ్లో ఏళ్లుగా ఎండిపోయిందనుకున్న సురంగ బావిలో మళ్లీ నీళ్లు పారుతున్నాయని, దానికి కారణం భాగ్యజ్యోతి అనే సర్వే మనిషి అని ఎవరో చెబితే నన్ను మాట్లాడించి రికార్డు చేసుకోవడానికి వచ్చాడు. వంటింటి గుమ్మంలో మా అమ్మ సిద్దమ్మ, ఊరి నుంచి నిన్ననే వచ్చింది. వీధి తలుపు దగ్గర మా ఆయన వీరేశ్, ఇస్త్రీ చొక్కాలో నిటారుగా, ఇంటర్వ్యూ తనదే అయినట్టు.

కెమెరా పక్కన గుండ్రటి లైటు వెలిగింది. బసవరాజ్ సార్ చిన్న తెరలోకి చూసి నాలుకతో చప్పుడు చేశాడు. నా కళ్లు ఉండాల్సిన చోట రెండు తెల్లటి గాజులు ఉన్నాయట, ఆ గుండ్రటి లైటు గుండ్రంగానే వచ్చి ఒక్కో అద్దంలో ఒక్కోటిగా కూర్చుందట. కూర్చోక ఏం చేస్తుంది, నావి మామూలు అద్దాలా, మైనస్ తొమ్మిది, అంచున సీసా అడుగంత మందం, గదిలో వెలుగు ఏ మూలనున్నా వెతికి పట్టుకుంటాయి. ఆయన కన్నడంలో, మర్యాదగానే, మేడం, అద్దాలు తీసేయండి, అరగంట పనే కదా అన్నాడు. కళ్లు కనపడని మనిషి మాట చూసేవాళ్లు నమ్మరని కూడా చెప్పాడు. అదీ నిజమే. నా కుడిచెయ్యి అప్పటికే సగం లేచింది. నేను లేపలేదు, అదే లేచింది, ఎవరు నా ముందు కెమెరా ఎత్తినా ఈ చెయ్యి ఇట్లాగే లేస్తుంది, కాడ పట్టి లాగి కొంగు కింద దాచేస్తుంది, చిన్నప్పటి నుంచి దానికి అదే పని నేర్పారు.

మా బడికి ఫోటో తీయడానికి వచ్చినాయన పేరు గుర్తులేదు, ఆయన గొంతు గుర్తుంది, ఏయ్ సోడాబుడ్డి, చష్మా తీయ్, మెరుస్తది అన్నాడు, పిల్లలంతా నవ్వారు, నేను తీశాను, తీయగానే ఆయనా కెమెరా గోడా అన్నీ కలిసిపోయి పలచటి మజ్జిగ అయిపోయాయి. ఇటు చూడండి అంటే ఎటు చూడాలో తెలియక గొంతు వచ్చిన వైపు చూశాను. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది, క్లాసంతా ముందుకు చూస్తుంటే నేనొక్కదాన్నే కుళాయి వైపు చూస్తుంటాను. పదో తరగతి హాల్‌టికెట్టుకూ అంతే, డిప్లొమా సర్టిఫికెట్టుకూ అంతే. పెళ్లి ఫోటోకు స్టూడియో ఆయన మొహానికి క్రీము రాయించి, అమ్మాయి కళ్లు పెద్దవి, అద్దాల వెనక చిన్నగయితున్నయ్ అన్నాడు, అమ్మ ఎంత సంతోషపడిందో, దారి పొడుగునా అదే మాట. ఎవరి కళ్లు అవి? ఎదుటి మనిషిని పోల్చుకోలేని ఆ పెద్ద కళ్లు నావి కావు. ఆల్బంలో ఉన్న ఆ పిల్లను చూస్తే నాకెప్పుడూ ఎవరో చుట్టాలమ్మాయి అనిపిస్తుంది, ఎక్కడో చూశాను, పేరు గుర్తురాదు.

పెళ్లిచూపుల రోజు అద్దాలు బియ్యం డబ్బాలో దాచింది అమ్మ. చాప మీద కూర్చుంటే ఎదురుగా మంచం మీద మూడు తెల్లటి మూటలు, మూడింటికీ గొంతులున్నాయి, ఒకటి వంట వచ్చా అంది, ఒకటి పాట వచ్చా అంది, మూడోది మాత్రం, సర్వే పనంటే ఎండల తిరుగుడు గద, దాహం అయితే నీళ్లు దొరుకుతయా అని అడిగింది. ఈ గొంతు మంచిది అనుకున్నాను. పెళ్లి కూడా అదే మజ్జిగలో జరిగిపోయింది, పసుపు రంగు, మంట వేడి, తల మీద జీలకర్రబెల్లం జిగురు, నా పెళ్లిని నేను కళ్లారా చూసింది నెల తర్వాత ఆల్బం వచ్చినప్పుడే, ఓహో మామిడాకులు కట్టారా, పిన్ని ఆకుపచ్చ చీర కట్టుకుందా అనుకుంటూ. అత్తగారింటికి పోయిన మర్నాడు పొద్దున అద్దాలను వాటి డబ్బాలోంచి తీసి పెట్టుకుంటే ఎదురుగా సన్నగా పొడుగ్గా ఒక మనిషి, చేతిలో చాయ్ గ్లాసులు, నన్నే చూస్తున్నాడు. దాచుకుందామని చెయ్యి లేచింది, ఈ చెయ్యే. ఉండనీ, మంచిగనే ఉన్నది అన్నాడు. మూడో మూట ఈయనే అని ఆ గొంతును బట్టే తెలిసింది.

పైన విమానం పోతోంది. ఎయిర్‌ఫోర్స్‌లో విమానం నడపడం నేర్చుకునే పిల్లలు పొద్దుటి నుంచి చక్కర్లు కొడుతున్నారు, ఒకటి వచ్చినప్పుడల్లా బసవరాజ్ సార్ చెయ్యి ఎత్తుతాడు, అందరం నోరు మూసుకుని పైకప్పు వైపు చూస్తాం, మాకు వినపడనే వినపడదు ఆ మోత, పుట్టిన దగ్గర్నుంచి వింటున్నదే, ఆయనకు మాత్రం రికార్డింగు పాడవుతుంది. మోత తగ్గాక మళ్లీ అదే మాట. అద్దాలు తీయడం ఇబ్బందయితే ఇంకో దారి ఉందట, మొహం లేకుండా నా గొంతు మాత్రం తీసుకుని దాని మీద బావి బొమ్మలు వేస్తారట. నిన్న మా సర్వే ఆఫీసులో పెద్దసారును రికార్డు చేశారట, ఆయనకు అద్దాలు లేవు, చక్కగా వచ్చిందట. పెద్దసారు ఏం చెప్పి ఉంటాడో నాకు తెలుసు, మేము పునరుద్ధరించాము అని ఉంటాడు. ఆ బావి చచ్చిపోయింది, పూడ్చి ప్లాట్లు చేసుకోవచ్చు అని కాగితం మీద సంతకం పెట్టిన చెయ్యి ఆయనదే. రేపు సినిమాలో ఆయన మొహం ఉంటుంది, కళ్లు ఉంటాయి, జనం నమ్ముతారు. నేను ఒక గొంతునై ఎక్కడో వెనక నుంచి వినపడతాను.

గుమ్మంలోంచి అమ్మ గొంతు వచ్చింది. "తియ్యరాదే బిడ్డా, అరగంటే గద. గింత దూరం నుంచి వచ్చిండ్రు."

అమ్మ మీద నాకు కోపం లేదు. ఊళ్లో నన్ను గుడ్డిపిల్ల అన్నప్పుడు ఆ మాటలు నా కంటే ముందు ఆమె చెవిన పడేవి. అద్దాలు దాచితే మాట కూడా దాగుతుందనుకుంది. నాయిన అట్లా కాదు. మా నాయిన నర్సప్పకు ఈ దాచుకోవడాలు తెలియవు. పలక మీది అక్షరాలు ముక్కుకు ఆనించి చదువుతున్నానని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని బీదర్‌కు కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకొచ్చాడు, ఆ రోజుల్లో ఆ రోడ్డంతా కంకర, వెనక కూర్చుని ఆయన చొక్కా పట్టుకుని వచ్చాను. అద్దాలు పెట్టి, ఏం కనపడుతున్నది అని డాక్టరు అడిగితే నేను తిరిగి నాయిన మొహం చూశాను. అన్నేళ్లూ ఆ మొహం నున్నగా ఉంటుందనుకున్నాను. దాని నిండా చిన్నప్పుడెప్పుడో పోసిన అమ్మవారు వదిలిపోయిన గుంటలు. నాయినా, నీ మొఖం నిండ గుంతలున్నయ్ అన్నాను, డాక్టరు గతుక్కుమన్నాడు, నాయిన మాత్రం పడీపడీ నవ్వాడు, నా బిడ్డకు మంచిగ కనవడుతున్నది సారూ, గివే ఖాయం చేయండి అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు నన్ను సైకిల్ మీద ముందు కూర్చోబెట్టాడు. దారిలో ఎదురైన ప్రతివాడికీ ఆపి చూపించాడు, మా పిల్లకు చష్మా ఇచ్చిండ్రు అని, ఏదో మెడల్ వచ్చినట్టు. ఈ రోజు కూడా రమ్మంటే రానన్నాడు. సురంగ బావి కాలువలో ఈ రోజు నీళ్ల వంతు ఆయనదట, ఫోన్లో అన్నాడు, నువ్వు తెచ్చిన నీళ్లు ఇడిసిపెట్టి నీ ఫోటోకు వస్తనా అని.

నా చెయ్యి ఇంకా సగం దూరంలోనే ఉంది. దించి ఒడిలో పెట్టుకున్నాను.

"నేను తియ్య," అన్నాను. గట్టిగా అనలేదు. కన్నడంలో అనాల్సింది, తెలుగులో వచ్చింది, మళ్లీ కన్నడంలో చెప్పాను, అద్దాలు లేకుండా అయితే నా మొహమూ వద్దు, గొంతూ వద్దు, సార్, చాయ్ తాగి వెళ్లండి. ఇంటికొచ్చిన వాళ్లతో ఇట్లా మాట్లాడటం నాకు అలవాటు లేదు. వీరేశ్ ఏమంటాడోనని చూస్తే కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, పెదాల చివర నవ్వు. బసవరాజ్ సార్ గడియారం చూసుకున్నాడు. అప్పుడు షెకినా కెమెరా వెనక నుంచి లేచి నిలబడింది. "సార్, చష్మా ఉండనీయండి. గది నేను చూసుకుంట. జర టైమియ్యండి." నా వైపు తిరిగి, "అక్కా, ఇది మీ తప్పు కాదు, లైటు పెట్టుడు నా పని," అంది. ఇన్నేళ్లలో కెమెరా పట్టుకున్న వాళ్లెవరూ ఆ మాట అనలేదు. తప్పు ఎప్పుడూ నా మొహానిదే అయింది.

ముందుగా ఆ గుండ్రటి లైటును మడిచి సంచీలో పెట్టేసింది. పలకలాంటి ఇంకో లైటును పొడుగాటి కర్రకు ఎక్కించి, నా తల కంటే చాలా ఎత్తుకు లేపి, ఒక పక్కకు జరిపి, కిందికి వంచింది. తెరలో చూసుకుని కొంచెం ఇంకా పైకి, ఇంకా పక్కకు. బంతిని గోడకేసి కొడితే ఎటు పోతదో వెలుగు కూడా అట్లనే అక్కా, అద్దానికి తగిలి నా కెమెరా వైపు రావొద్దు, మీ ఒడిలోకో నేల మీదికో పోవాలె అని చెబుతూనే పనిచేస్తోంది. సర్వేలో మేము చేసేదీ అదే కదా, అద్దంలోంచి గీత ఎటు పోతోంది, ఎక్కడ తగులుతోంది, నాకు ఆ మాట చాలా తొందరగా అర్థమైంది, ఆ పిల్ల మీద ప్రేమ పుట్టింది. గుండ్రాలు పోయాయి గానీ ఎడమ అద్దంలో నలుచదరంగా ఒక తెల్ల మరక మిగిలింది, అది కిటికీ. దుప్పటి కట్టారు, దుప్పటి పలచన, ఎండ దిగుతోంది. అమ్మ లోపలికి పోయి మంచం కింద ట్రంకులోంచి నల్ల గొంగడి తెచ్చి ఇచ్చింది. గొంగడి కట్టగానే కిటికీ మాయమైంది. అయినా కుడి అద్దంలో ఏదో సన్నటి తెల్ల గీత, కదులుతోంది, ఆగుతోంది, షెకినా తెరకు ముక్కు ఆనించి చూసి, తల తిప్పి చూసి, అన్నా, అది మీ అంగీ అంది. వీరేశ్ ఇస్త్రీ చొక్కా. పాపం లోపలికి పోయి పొలానికి వేసుకునే ముదురు నీలం చొక్కా తొడుక్కుని వచ్చాడు, ఇప్పుడు మునుపంత నిటారుగా లేడు.

తర్వాత నా దగ్గరికి వచ్చి, ముట్టుకోవచ్చా అక్కా అని అడిగి, అద్దాల కాడలను చెవుల మీద ఒక్క పిసరు పైకి లేపింది. అద్దాలు కొంచెం ముందుకు వంగాయి. వేళ్లు చల్లగా ఉన్నాయి. ఇప్పుడు మాట్లాడండి అంది. తల కదలొద్దు కదా అంటే, కదలకుండ ఎవరన్న మాట్లాడుతరా, మీరు ఎట్ల మాట్లాడితే అట్లనే మాట్లాడండి, తల ఎంత తిప్పుతరో చూసి లైటు నేనే సర్దుకుంట అంది. ఏం మాట్లాడను? ఏదైనా. అమ్మ చేసే పుంటికూర గురించి మాట్లాడాను, చేతులు తిప్పుతూ, తల ఊపుతూ, షెకినా, మీరు ఎడమకు చూసినప్పుడు ఒకటి మెరుస్తోంది అని లైటును ఇంకో జానెడు జరిపింది, బసవరాజ్ సార్ కుర్చీని కూడా లైటుకు ఇవతలి వైపు వేసింది, ఆయనను చూస్తూ మాట్లాడితే నా మొహం వెలుగుకు కాస్త పక్కకు ఉంటుందని. ఆయన వెంటనే లేచి కుర్చీ మారాడు. అది నాకు నచ్చింది. పనిలో పడ్డాక ఆయనకూ పంతం లేదు. ఆ పిల్ల ఈ గదినంతా, కిటికీని, చొక్కాను, కుర్చీలను, మనుషుల్ని, నా మొహానికి తగ్గట్టు జరిపింది. అద్దాలు మాత్రం నా ముక్కు మీదే ఉన్నాయి.

అయిపోయిందంటూ చిన్న తెరను నా వైపు తిప్పింది. నలభై దాటిన ఆడమనిషి, చెంప మీద ఎండకు కమిలిన మచ్చ, ముక్కు మీద నల్ల ఫ్రేము, ఫ్రేము వెనక రెండు కళ్లు, చిన్నవే, స్టూడియో ఆయన అన్నట్టు అద్దాల వెనక చిన్నవయ్యాయి, కానీ అవి నన్ను చూస్తున్నాయి, ఎటు చూడాలో వాటికి తెలుసు. అమ్మ వచ్చి నా భుజం మీదుగా వంగి చూసింది. చాలాసేపు చూసింది. "నీ కండ్లు మీ నాయిన కండ్లే," అంది చివరికి, ఎవరో కొత్తగా చెప్పిన సంగతిలాగా, అని మళ్లీ గుమ్మంలోకి పోయి నిలబడింది, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

ఇంకో విమానం పోయింది. కెమెరా మీద ఎర్రచుక్క వెలిగింది. బసవరాజ్ సార్ పేరూ ఊరూ అడిగాక నేరుగా అసలు సంగతిలోకి వచ్చాడు, అందరూ ఎండిపోయిందన్నారు కదా, లోపల నీళ్లున్నాయని మీకెట్లా తెలిసింది? నాకు నవ్వొచ్చింది. ఇది ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. నీళ్లొచ్చాక అందరూ నీళ్లనే చూశారు. చెప్పడం మొదలుపెట్టాను, కన్నడంలోనే చెబుతున్నాను, నా చెవులకు మాత్రం మా ఊరి తెలుగులో వినపడుతోంది. ఆఫీసు వాళ్లు నన్ను పంపింది పూడ్చాల్సిన బావి మూతులకు గుర్తులు పెట్టి రమ్మని. సురంగమంటే పొలాల కింద ఎర్రరాతిలో మనిషి వంగి నడిచేంత గుహ, దాని మీద అక్కడక్కడ గాలి కోసం బావులు, పాతకాలం వాళ్లు ఉలితో తొలిచింది. సున్నం డబ్బా పట్టుకుని పోయినదాన్ని, మొదటి మూతి దగ్గర నిలబడితే చెయ్యి రాలేదు. లోపల చూడకుండా చచ్చిపోయిందని ఎట్లా గుర్తు పెట్టను? బావుల్లో పూడిక తీసే మొగులప్ప మామను పిలిచాను, తాడు కట్టి దింపమన్నాను. మామ వద్దన్నాడు, నేను వినకపోతే, అయితే చష్మా తీసి పో బిడ్డా, పడిపోతే పలుగుతది అన్నాడు. పక్కింటి పిల్ల లంగా నాడా అడిగి తీసుకుని అద్దాలను తల చుట్టూ గట్టిగా కట్టుకుని దిగాను.

చలికాలం పొద్దున. పైనుంచి చలిగాలి నా వెంటే దిగింది. బురద కూడా లేదు, పొడి మట్టి, టార్చి వెలుగులో గోడల మీద ఉలి దెబ్బలు నిన్న కొట్టినట్టున్నాయి, ఒక్కో దెబ్బ వెనకా ఒక మనిషి భుజం ఉంది కదా అనుకుంటూ మోకాళ్ల మీద పోయాను, ఆఖరికి కూలిపోయిన మట్టి అడ్డంగా, గుహ నిండా. నాకు ముందు వచ్చినవాళ్లంతా అక్కడి దాకా వచ్చి తిరిగిపోయినవాళ్లే, అందుకే కాగితం మీద చచ్చిపోయింది అని రాశారు. నేనూ తిరగబోయాను. తిరిగే ముందు పైన రాతికీ మట్టికీ మధ్య వేలు పట్టేంత సందు కనపడితే చూద్దామని మొహం ఆనించాను. అంతే, ఏమీ కనపడలేదు. అద్దాలు తెల్లగా మూసుకుపోయాయి. నా ఊపిరే తగిలిందనుకుని కొంగుతో తుడుచుకుని, ఊపిరి బిగబట్టి మళ్లీ ఆనించాను. మళ్లీ తెల్లగా, చాయ్ గిన్నె మీద వంగినట్టు. నేను ఊపిరి తీయడం లేదు, ఆ మట్టి అవతల ఎవరో తీస్తున్నారు. వెచ్చగా, తడిగా. ఎండిపోయిన చోటు నుంచి ఆవిరి రాదు. చీకట్లో ఒక్కదాన్నే కూర్చుని గట్టిగా నవ్వాను, పైన మొగులప్ప మామ భయపడి తాడు లాగాడు.

ఆ తర్వాతిది అందరికీ తెలిసిందే. గుర్తులు పెట్టనని ఆఫీసులో చెప్పాను, పని పోతుందన్నారు, పోనీ అన్నాను. ఊరంతా గంపలు పట్టింది, ఎండాకాలమంతా మట్టి మోశాం. ఆఖరి అడ్డు తీసినప్పుడు నేను లోపలే ఉన్నాను, నీళ్లు ముందు పాదాల మీదికి వచ్చాయి, తర్వాత పిక్కల మీదికి, తొందరేమీ లేనట్టు, ఇన్నాళ్లూ అక్కడే కూర్చుని ఎవరో ఒకరు పిలుస్తారని చూస్తున్నట్టు. ఇవన్నీ చెప్పాను, చేతులు తిప్పుతూ, తల ఊపుతూ, ఎక్కడా ఆగకుండా. మధ్యలో విమానం కూడా రాలేదు. షెకినా తెర మీంచి తల ఎత్తి, కళ్లు మొత్తం వచ్చినయ్ అక్కా, ఒక్కసారి కూడా మెరవలేదు అని మెల్లగా చెప్పింది.

బసవరాజ్ సార్ లేచాడు. ఇంకొక్క షాటు కావాలి మేడం అన్నాడు, నీళ్లు కనిపెట్టింది అవే కదా, ఆ అద్దాలను ఒకసారి తీసి ఈ బల్ల మీద పెట్టండి, దగ్గరగా తీసుకుంటాం. ఆయన గొంతులో గౌరవమే ఉంది, సంతోషం కూడా ఉంది. ఈసారి నా చెయ్యి లేవనే లేదు, ఒడిలో హాయిగా పడుకుని ఉంది. జవాబు కన్నడంలోకి మార్చాలని కూడా నాకు తోచలేదు.

"తియ్య సార్. పెట్టుకునే ఉంట. మీరే దగ్గరికి రండి."

ఎవరూ ఆయనకు అర్థం చెప్పాల్సిన పని పడలేదు. షెకినా అప్పటికే కెమెరా మూడు కాళ్లూ ఎత్తి నా వైపు నడుస్తోంది.